రామాయపట్నం లైట్‌హౌస్ తీరం: అమ్మతో, పిల్లలతో నడవాలంటే ముందు తిథి చూడండి

మీరు అడిగింది ఇదీ. సంక్రాంతి సెలవులకు ఒంగోలు వస్తున్నారు. అమ్మగారికి 64 ఏళ్లు, మోకాళ్ల నొప్పి కొద్దిగా ఉంది. పిల్లల్లో పాపకు ఏడేళ్లు, బాబుకు పదకొండు. జనం కిక్కిరిసిన బీచ్ వద్దు. మెత్తటి ఇసుకలో తేలిగ్గా నడిచే దారి కావాలి, ఆ దారిలో ఒక లైట్‌హౌస్ ఉండాలి, ఒక్క పూటలో అయిపోవాలి. ఎక్కడికి వెళ్లాలి, ఎన్ని కిలోమీటర్లు, అమ్మ నడవగలరా అని.

నడవగలరు. ఇరవై ఏళ్లుగా కొత్తపట్నం నుంచి పులికాట్ దాకా ఈ తీరాన్ని ముక్కలు ముక్కలుగా నడుస్తున్నాను. మా అమ్మను డెబ్భయ్యో ఏట కూడా నడిపించాను. అయితే మీ ప్రశ్నలో ‘ఎన్ని కిలోమీటర్లు’ అన్న మాట ఒక్కటి పక్కన పెట్టండి. సముద్రం ఒడ్డున మూడు కిలోమీటర్లు ఒకరోజు నల్లేరు మీద నడక, ఇంకోరోజు అదే చోట ప్రాణం తీసే నడక. తేడా దూరంలో లేదు. మీరు దిగే వేళకు నీళ్లు ఎక్కడున్నాయన్న దాంట్లో ఉంది.

చోటు విషయంలో నా ఓటు రామాయపట్నానికి. ఒంగోలు నుంచి సింగరాయకొండ, ఉలవపాడు దాటి వస్తారు. నెల్లూరు నుంచి వచ్చేవాళ్లకు కావలి దాటాక వస్తుంది. హైవే నుంచి తూర్పుకి తిరిగితే కొద్ది కిలోమీటర్లే. ఈ ప్రాంతం పాత నెల్లూరు జిల్లాది. 1970లో ఒంగోలు జిల్లా పుట్టినప్పుడు అటు వెళ్లింది. 1972లో ఆ జిల్లాకే ప్రకాశం పేరు వచ్చింది. 2022లో జిల్లాలు మార్చినప్పుడు మళ్లీ నెల్లూరులో కలిసింది. అందుకని ఒక్కోచోట ఒక్కో జిల్లా పేరు రాసి ఉంటే కంగారు పడకండి, ఊరు ఒకటే.

ఇక నడక. చాలామంది దూరంగా ఎక్కడో కారు ఆపి, కనిపిస్తోంది కదా అని లైట్‌హౌస్ వైపు బయల్దేరతారు. ఆ పని చేయకండి. నిలబడి చూసే మనిషికి సముద్రం అంచు నాలుగున్నర కిలోమీటర్ల దూరంలోనే ఆగిపోతుంది, భూమి గుండ్రన కాబట్టి. అదే 30 మీటర్ల ఎత్తున్న దీపం దగ్గర నిలబడితే 20 కిలోమీటర్ల దాకా కనిపిస్తుంది. ఈ రెండూ కలిపితే, గాలి తేటగా ఉన్న రోజు ఒడ్డున నిలబడ్డ మనకు అలాంటి స్తంభం తల 24 కిలోమీటర్ల నుంచి కూడా కనపడొచ్చు. ఓడల కోసం కట్టిందే అందుకు. మధ్యలో చెట్టూ చేమా అడ్డం లేని ఇసుక మీద అది చేతికందేట్టు ఉంటుంది. గంట నడిచినా అంతే దూరంలో ఉంటుంది. పిల్లలకు విసుగు, పెద్దవాళ్లకు ఆయాసం.

నేను చెప్పేది తిరగేసి చేయండి. కారు లైట్‌హౌస్ దగ్గరే ఆపండి. అక్కడి నుంచి ఒడ్డు వెంట ముందుకు, గడియారం చూసుకుని నలభై నిమిషాలు నడవండి. అమ్మగారు ‘ఇక చాలు’ అంటే ఇరవై నిమిషాలకే ఆగండి. ఎక్కడ ఆగితే అదే చివర. కాసేపు కూర్చుని, తెచ్చుకున్న పులిహోర తిని, వెనక్కి తిరగండి. తిరుగు ప్రయాణంలో లైట్‌హౌస్ ఎదురుగా ఉంటుంది, అడుగడుక్కీ పెద్దదవుతూ కనిపిస్తుంది. అలిసిపోయిన కాళ్లకు అది పెద్ద ఆసరా. రానూ పోనూ మూడు నాలుగు కిలోమీటర్లు అవుతుంది, అది చాలు.

ఏ దిక్కుకి అంటే, పోర్టు పనులు ఎటుంటే దానికి ఎదురు దిక్కుకి. రామాయపట్నం పోర్టుకు 2022 జూలైలో శంకుస్థాపన జరిగింది. అప్పటి నుంచి అక్కడి తీరం మునుపటి తీరం కాదు. లారీలు, కంచెలు ఒక్కటే కాదు సంగతి. మన తూర్పు తీరం వెంట ఏడాది మొత్తం మీద లెక్కేస్తే అలలు ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి తోసుకుపోతుంటాయి. సముద్రంలోకి రాళ్ల కట్ట వేస్తే ఆ ఇసుక దక్షిణం వైపు ఆగిపోయి మేట వేస్తుంది, ఉత్తరం వైపు తీరం కోసుకుపోతుంది. చెన్నైలో రేవు కట్టాక మెరీనా వెడల్పయి, రాయపురం వైపు కోత పడింది ఇందుకే. కాబట్టి ‘అక్కడ బీచ్ చాలా వెడల్పు’ అని ఐదేళ్ల కిందట వెళ్లొచ్చినవాళ్లు చెప్పిన మాట ఇప్పుడు పనికి రాకపోవచ్చు. దిగగానే ఒడ్డు చూడండి. ఇసుక నిలువుగా తెగి, మెట్టులాగా గట్టు కనిపిస్తే అది కోత పడుతున్న చోటు. అటు పిల్లల్ని పోనివ్వకండి.

ఇప్పుడు అసలు మాట, పోటు పాట్లు. నీళ్లు ఒడ్డు మీదికి ఎక్కడం పోటు, దిగడం పాటు. రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. మన తీరంలో ఈ తేడా చిన్నదే, పెద్ద పోటు రోజుల్లో కూడా ఒక మీటరు చుట్టుపక్కల. కానీ నడిచేవాళ్లకు ఆ మీటరే అంతా. పాటు వేళకు అల వెనక్కి తగ్గి, గట్టిగా, చల్లగా, తారు రోడ్డులా నున్నటి తడి ఇసుక పట్టీ బయటపడుతుంది. పోటు వేళకు ఆ పట్టీ నీళ్ల కింద ఉంటుంది, మీరు పైన పొడి ఇసుకలో నడవాల్సి వస్తుంది. పొడి ఇసుకలో నడకకు గట్టి నేల మీద నడకకన్నా రెండింతలకు పైగా శక్తి ఖర్చవుతుందని కొలిచి తేల్చారు. మోకాళ్ల నొప్పి ఉన్న మనిషికి ఆ రెండింతలు ఎక్కడ పడుతుందో మీకు తెలుసు.

ఆ పట్టీ ఎక్కడుందో కాలితోనే కనిపెట్టొచ్చు. అడుగు వేసి వెనక్కి చూడండి. మడమ గుర్తు గుంటలా లోతుగా పడితే మీరు మరీ పైన ఉన్నారు. పాదం చుట్టూ ఇసుక ఒక్క క్షణం తెల్లగా పొడిబారి, కాలు తీయగానే మళ్లీ తడిసి నల్లబడితే అదే సరైన చోటు. అక్కడే చిన్న చిన్న కన్నాల చుట్టూ ఆవగింజల్లాంటి ఇసుక ఉండలు పువ్వు ముగ్గులా పరిచి కనిపిస్తాయి. గోరంత ఎండ్రకాయలు ఇసుకను నోట్లో పెట్టుకుని, తిండి పీల్చుకుని, మిగిలింది ఉండ చేసి పారేస్తాయి. నీళ్లు తగ్గాకే అవి పనిలోకి దిగుతాయి. ఆ ముగ్గులు ఎంత దట్టంగా ఉంటే నీళ్లు తగ్గి అంత సేపయిందని అర్థం. పాపకు చూపించండి, పది నిమిషాలు కదలదు.

మరి పాటు ఎప్పుడొస్తుంది? దీనికి ఇంట్లో గోడకున్న క్యాలెండరే చాలు. మన తీరంలో అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఉదయం, రాత్రి సుమారు ఎనిమిది తొమ్మిది గంటల మధ్య పోటు నిండుతుంది. మధ్యాహ్నం రెండు మూడు గంటలకు పాటు. ఆ తర్వాత రోజుకి రెండు ఘడియలు, అంటే 48 నిమిషాల చొప్పున ఈ వేళలు ఆలస్యమవుతూ పోతాయి. అష్టమి వచ్చేసరికి లెక్క తిరగబడి, ఉదయం ఎనిమిది తొమ్మిదికి పాటు ఉంటుంది. ఇది నోటి లెక్క, అరగంట అటూ ఇటూ ఉంటుంది. ముందు రోజు రాత్రి హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర సంస్థ) వెబ్‌సైట్‌లో దగ్గరి రేవులో పోటు పాట్ల వేళలు చూసుకోండి. పెద్ద అలల హెచ్చరికలు కూడా వాళ్లే ఇస్తారు. హెచ్చరిక ఉందంటే నడక మానుకోండి, మారు మాట లేదు.

సంక్రాంతి సూర్యుణ్ణి బట్టి వచ్చే పండగ కాబట్టి తిథి ఏటా మారుతుంది. మీకు దొరికిన మూడు నాలుగు రోజుల్లో సప్తమి, అష్టమి, నవమి ఉంటే పొద్దున్నే వెళ్లండి. ఆరున్నరకల్లా ఒడ్డున ఉంటే ఎదురుగా సూర్యోదయం, నీళ్లు తగ్గుతూ ఉంటాయి, తొమ్మిదికల్లా తిరిగొచ్చేస్తారు. పౌర్ణమి దగ్గర పడితే పొద్దున వద్దు, మధ్యాహ్నం మూడింటికి దిగండి. జనవరి ఎండ ఆ వేళకు టోపీ ఉంటే తట్టుకోగలిగేదే. నన్నడిగితే ఈ రెండోదే మేలు. ఐదు గంటలకు నడక అయిపోతుంది. పొద్దు గూకే వేళకు సముద్రంలోంచి నిండు చంద్రుడు లేస్తాడు. అదే సమయానికి లైట్‌హౌస్‌లో దీపం వెలుగుతుంది.

మోకాళ్ల గురించి ఇంకొక్కటి. మన తీరం నీళ్ల వైపు వాలుగా ఉంటుంది. ఒకే దిక్కుకి ఎక్కువసేపు నడిస్తే సముద్రం వైపు కాలు ఎప్పుడూ కిందా, ఇంకో కాలు ఎప్పుడూ మీదా పడుతుంది. మరునాడు ఒకవైపు తుంటి, మోకాలు పట్టేస్తాయి. వెళ్లిన దారినే తిరిగి రావడం మంచిదనడానికి ఇదో కారణం, వాలు రెండు కాళ్లకీ సమంగా పడుతుంది. అమ్మగారికి ఒక చేతికర్ర ఇవ్వండి, అది నీళ్ల వైపు చేతిలో ఉండాలి. తడి పట్టీ మీద వట్టి కాళ్లతో నడవడం హాయిగా ఉంటుంది గానీ చెప్పులు సంచిలో పెట్టుకోండి. మత్స్యకారుల పాలెం దగ్గరికి రాగానే వేసుకోవాలి. తెగిన వల ముక్కలు, గాలాలు, సీసా పెంకులు అక్కడే ఉంటాయి. గట్టు మీది ఇసుకలో రావణాసురుడి మీసాలు అనే గడ్డి బంతులు దొర్లుతుంటాయి. పిల్లలు వాటి వెంట పరిగెత్తుతారు, పరిగెత్తనివ్వండి, కానీ ఆ ముళ్లు సూదుల్లా ఉంటాయి.

గాలి సంగతి కూడా చూసుకోవాలి. పోర్టు బెడద లేని వేరే తీరాలకు వెళ్లినప్పుడు జనవరిలో ముందు ఉత్తరానికి నడిచి, తర్వాత దక్షిణానికి తిరగండి. ఆ నెలలో గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది, తిరుగు నడకలో వీపు మీద పడి తోస్తుంది. ఏప్రిల్ నుంచి గాలి దక్షిణానికి మళ్లుతుంది, అప్పుడు ఇది తిరగేయాలి.

నీళ్ల గురించి మాత్రం గట్టిగా చెబుతాను, నచ్చకపోయినా వినండి. నెల్లూరు, ప్రకాశం తీరాల్లో ఒడ్డు చటుక్కున లోతవుతుంది. పదేళ్ల కిందట మా మేనల్లుణ్ణి తీసుకెళ్లాను, పద్నాలుగేళ్లవాడు, చెరువులో ఈత వచ్చు. మోకాలి లోతులో నిలబడి ఉన్నాడు. అల వెనక్కి పోతూ వాడి కాళ్ల కింది ఇసుకను లాక్కుపోయింది. రెండడుగులు ముందుకు పడ్డాడు, నడుము దాకా నీళ్లు. ఇంకో అల నెత్తి మీద విరిగింది. నేను అరుస్తూ నిలబడిపోయాను. ఒడ్డున వల బాగు చేసుకుంటున్న ఒకాయన వల అక్కడే పడేసి, పరిగెత్తి, వాడి చొక్కా కాలరు పట్టుకుని లాగాడు. ‘అబ్బయ్యా, చెరువీత ఇక్కడ చెల్లదు’ అని ఒక్క మాటన్నాడు, మళ్లీ పోయి వల ముందు కూర్చున్నాడు. ఆయన ఆ వేళకు అక్కడ లేకపోతే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ నాకు చేతులు వణుకుతాయి.

కాబట్టి పిల్లలకు గీత ముందే గీయండి, చీలమండ దాకానే. మోకాలు అని చెబితే నడుము దాకా వెళ్తారు. ఒకచోట వరసగా అలలు విరుగుతూ, మధ్యలో కొంత మేర అల విరక్కుండా నీళ్లు నిమ్మళంగా, బురదగా కనిపిస్తే అక్కడ దిగొద్దు. ఒడ్డుకొచ్చిన నీళ్లన్నీ తిరిగి సముద్రంలోకి పోయే దారి అదే, మనిషిని కూడా లాక్కుపోతుంది. ఎవరైనా అందులో చిక్కితే ఒడ్డుకి ఎదురీదకూడదు. తీరానికి సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తగ్గాక ఒడ్డుకి మళ్లాలి. ఈత రానివాళ్లు కాపాడటానికి దూకొద్దు. మూత పెట్టిన ఖాళీ క్యాను గానీ తాడు గానీ విసరండి, కేకలేసి పాలెం వాళ్లను పిలవండి, 112కి ఫోన్ చేయండి. కార్తీక పౌర్ణమి స్నానాలకు మన బీచ్‌లలో ఏటా టెన్షన్ ఎందుకో పైన చెప్పిన తిథి లెక్కతో మీకే అర్థమవుతుంది. జనం దిగేదీ పొద్దున్నే, పెద్ద పోటు నిండేదీ ఆ వేళకే, పైగా తుపాన్ల కాలం.

జనవరి నుంచి మార్చి దాకా ఈ తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. పొద్దున్నే వెళ్తే మీ కంట పడొచ్చు. తాబేలు కాదు, దాని జాడ. నీళ్లలోంచి పైకి ట్రాక్టర్ టైరు పోయినట్టు చారలు, పొడి ఇసుకలో కెలికిన గుండ్రటి చోటు, మళ్లీ నీళ్లలోకి చారలు. ఆ గుండ్రటి చోటు కింద మూరెడు లోతులో వంద దాకా గుడ్లుంటాయి. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలవుతాయి. తొక్కొద్దు, తవ్వొద్దు. అటవీ శాఖవాళ్లు చాలాచోట్ల గుడ్లు సేకరించి కంచె లోపల పొదిగిస్తారు, జాడ కనిపిస్తే వాళ్లకు గానీ పాలెంలో గానీ చెప్పండి. ఈ తాబేళ్లకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్ రక్షణ ఉంది. చీకటిపడ్డాక ఒడ్డున టార్చి వేయకండి. ఇసుకలోంచి వచ్చిన పిల్లలు వెలుతురున్న వైపుకే పాకుతాయి. చీకట్లో వాటికి కనిపించే వెలుతురు సముద్రమే కావాలి, మన ఫోన్ కాదు. చచ్చిపడిన తాబేలు కూడా కనిపించొచ్చు, పిల్లలకు ముందే చెప్పి ఉంచండి.

పాలెం మీదుగా వెళ్లేటప్పుడు అది వాళ్ల వాకిలి అని గుర్తుంచుకుంటే చాలు. ఆరబెట్టిన వలల మీద చెప్పులతో అడుగు వేయొద్దు. చేపలు ఆరబోసిన చోట చుట్టూ తిరిగి వెళ్లండి. ఫోటో తీసే ముందు అడగండి. అలివి వల లాగుతుంటే ఆగి చూడండి. పడవ సముద్రంలో అర్ధచంద్రాకారంగా వల వదిలి వస్తుంది, రెండు తాళ్ల చివర్లు ఒడ్డున రెండు జట్లు పట్టుకుంటాయి. మొదట దూరంగా నిలబడ్డ ఆ రెండు జట్లూ లాగుతూ లాగుతూ ఒకదానికొకటి దగ్గరవుతాయి. వల సంచి ఒడ్డెక్కేసరికి భుజం భుజం ఆనుతుంది. చేయి వేయమంటే మీ బాబుని తాడు పట్టుకోనివ్వండి, తడి తాడు ఎంత బరువో వాడికి తెలుస్తుంది. దారీ నీళ్లూ ఎలా ఉన్నాయో కూడా వాళ్లనే అడగండి. ‘పాటు మీదున్నాయి, పొండి’ అంటే నిశ్చింతగా నడవొచ్చు.

రామాయపట్నం కుదరకపోతే ఒంగోలు నుంచి కొత్తపట్నం, సింగరాయకొండ దగ్గర పాకల ఉన్నాయి. నెల్లూరు నుంచి 25 కిలోమీటర్లలో మైపాడు. ఇసుక బాగుంటుంది గానీ ఆదివారాలు జనం ఎక్కువ. లైట్‌హౌసే ముఖ్యమనుకుంటే అల్లూరు దగ్గర ఇస్కపల్లి ఉంది, ఉప్పు కొఠార్లు చూస్తూ వెళ్లొచ్చు. ఇంకా దక్షిణాన పాత నెల్లూరు జిల్లాలోని దుగరాజపట్నం ప్రాంతంలో ఆర్మగాన్ లైట్‌హౌస్ ఉంది. 1626 నాటికి ఆంగ్లేయుల ఈస్టిండియా కంపెనీ అక్కడ స్థావరం పెట్టుకుని వ్యాపారం చేసేది. అక్కడ పని చేసిన ఫ్రాన్సిస్ డే 1639లో మద్రాసు స్థలం సంపాదించాడు. చరిత్ర ఇష్టమున్నవాళ్లకు ఆ తీరం బాగుంటుంది, చిన్నపిల్లలతో మాత్రం దూరం ఎక్కువ.

తిండీ నీళ్లూ ఇంటి నుంచే. తలకి లీటరున్నర నీళ్లు, ఒక సీసా ఉప్పేసిన మజ్జిగ. ఒడ్డున నీడ ఉంటే సరుగుడు తోటల్లోనే ఉంటుంది, అక్కడ నిప్పు రాజేయొద్దు, రాలిన ఆకు అగ్గిపుల్లకే అంటుకుంటుంది. జెల్లీఫిష్ తగిలి మండితే రుద్దకండి, మంచినీళ్లు పోయకండి. సముద్రపు నీళ్లతోనే కడిగి, తర్వాత ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లు పెట్టండి.

చివరగా లైట్‌హౌస్. లోపలికి వెళ్లాలంటే గేటు దగ్గర సిబ్బందిని అడగాలి. సందర్శకులను మామూలుగా సాయంత్రం పూటే అనుమతిస్తారు. అది పనిచేసే దీపం, బొమ్మ కాదు, డ్రోన్లు ఎగరేయొద్దు. మెట్లు చుట్లు చుట్టుకుంటూ పైకి వెళ్తాయి, చివర్లో నిలువు ఇనప నిచ్చెన ఉండొచ్చు. అమ్మగారిని ఎక్కించకండి, నడిచొచ్చిన మోకాళ్లకు దిగేటప్పుడు తెలుస్తుంది. బాబుతో మీరు ఎక్కండి, పాపా అమ్మగారూ కింద ఇసుకలో కూర్చుంటారు.

వాళ్లకు కింద ఒక పని అప్పగించండి. దీపం వెలిగాక సెకన్ల ముల్లున్న గడియారం పట్టుకుని లెక్కపెట్టమనండి, ఎన్ని మెరుపులు, మధ్య ఎన్ని సెకన్ల చీకటి. ప్రతి లైట్‌హౌస్‌కీ దాని సొంత లెక్క ఉంటుంది. పక్క లైట్‌హౌస్‌ది దీనితో కలవదు. చీకట్లో ఒడ్డు కనపడని నావికుడు ఆ లెక్క చూసే ఇది ఫలానా ఊరు అని పోల్చుకుంటాడు. లెక్క ఒక్కసారితో కుదరదు, మూడు నాలుగు సార్లు చూడాలి. మీరు దిగొచ్చేసరికి ఆ అంకె పాప నోటి మీద ఉంటుంది.